న్యాయమును వెంటాడుడి

ధ్యాన భాగము: ద్వితీయోపదేశకాండము 16:18-20, 25:13-16



గడచిన కోత పండుగ దినములలో ఒక గ్రామమున గృహ ప్రార్థన ముగిసిన పిమ్మట ఒక తల్లి మమ్మును ప్రక్కకు పిలిచి, తన కుమారుని కొరకు ప్రార్థన చేయుమని అడిగెను. ఆ చిన్నవాడు డిగ్రీ ముగించి, హైదరాబాదు అమీర్‌పేటలో కంప్యూటరు కోర్సు నేర్చుకొని, మాదాపూరులో ఒక హాస్టలులో ఉండి, ఏడు నెలలనుండి హైటెక్ సిటీలో ఉద్యోగము వెదకుచున్నాడు. వెళ్లిన ప్రతి చోటను అనుభవమున్నదా అని అడుగుచున్నారట. పని ఇచ్చువారు లేనిదే అనుభవమెట్లు వచ్చును? అంతలో ఒక మధ్యవర్తి అతనికి కనబడి, కొంత సొమ్ము చెల్లించినయెడల మూడు సంవత్సరములు పనిచేసినట్లు సర్టిఫికెటును, జీతపు చీటీలను పుట్టించి ఇచ్చెదననెను. పత్తి అమ్మిన డబ్బు ఇంకను ఇంటనే ఉన్నది.

“అయ్యగారూ, అందరూ అట్లనే చేస్తున్నారంట. మావాడు ఎవరి సొమ్మూ దొంగిలించుట లేదు గదా. పని దొరికితే రాత్రింబగళ్లు కష్టపడతాడు. ఆ కాగితము ఏ ఆటంకము లేకుండ చెల్లేటట్టు ప్రార్థన చేయండి” అని ఆమె చేతులు జోడించెను.

మేము వెంటనే జవాబు చెప్పలేకపోతిమి. అది అబద్ధమని చెప్పుట మాకేమియు కష్టము కాదు. అయితే ఏడు నెలల హాస్టలు బాకీ కట్టుచున్నది ఆమె, మేము కాదు. ఆ రాత్రి ఇంటికి వచ్చి, మోషే ఇశ్రాయేలీయులకు చెప్పిన మాటలను మరల తెరచి చదివితిమి. ఆ ధ్యానములో మాకు దొరికినదానిని ఈ నెల మీతో పంచుకొనుచున్నాము.

1. వెంటాడుమని చెప్పిన మాట

మోషే న్యాయాధిపతులను నియమించుమని చెప్పుచు, తీర్పును వంకర చేయవద్దనియు, మనుష్యుల ముఖము చూడవద్దనియు, లంచము పుచ్చుకొనవద్దనియు ఆజ్ఞాపించి, తరువాత హెబ్రీ భాషలో ఒకే మాటను రెండు మారులు పలికెను. ‘త్సెదెక్, త్సెదెక్’ అనెను. అనగా న్యాయము, న్యాయము. మన తెలుగు బైబిలులో ఈ రెట్టింపు మాటకు “కేవలము” అను పదమును చేర్చిరి. అక్కడ మనము అనుసరించుట అని చదువుకొను క్రియకు హెబ్రీలో వెంటాడుట, వెంబడి పరుగెత్తుట అని అర్థము. ఫరో తన రథములతో ఇశ్రాయేలీయులను తరిమినప్పుడు నిర్గమకాండములో వాడబడినదియు ఈ క్రియయే. కాబట్టి న్యాయము మన గుమ్మములోనికి తానై నడచివచ్చునది కాదు. తప్పిపోయిన కోడెదూడను వెదకు రైతు కంచెలు దాటి, ముండ్లు త్రొక్కి, చీకటి పడినను వెనుదిరుగక పోవునట్లు దాని వెంట పోవలెను.

ఒకే మాట రెండు మారులు ఎందుకు చెప్పబడెనని యూదుల బోధకులు తరతరములుగా విచారించుచు వచ్చిరి. లేఖనములో ఒక్క మాటయైనను వృథాగా ఉండదని వారి నమ్మకము. 12వ శతాబ్దములో స్పెయిన్ దేశస్థుడైన అబ్రాహాము ఇబ్న్ ఎజ్రా అను పండితుడు, నీకు లాభము వచ్చినను నష్టము వచ్చినను న్యాయమునే వెంటాడుమని దీని భావమనెను. పోలెండు దేశములో 1827లో మరణించిన రబ్బీ సింహా బునిమ్ పేరున మరియొక బోధ చెప్పుదురు. న్యాయమైనదానిని న్యాయమైన మార్గముననే వెదకవలెననియు, మంచి గమ్యమునకు అబద్ధపు దారిలో చేరుట కుదరదనియు ఆ బోధ సారము.

ఆ తల్లి ప్రశ్నకు ఈ రెండును తగులుచున్నవి. ఉద్యోగము మంచిదే. తల్లిదండ్రుల అప్పు తీర్చవలెనను కోరిక ఇంకను మంచిది. అయితే దానికి పోవు దారి ఎట్టిది?

2. సంచిలోని రాళ్లు

మోషే మరియొక ఆజ్ఞ ఇచ్చెను. సంచిలో పెద్దదియు చిన్నదియునైన రెండు విధముల తూనిక రాళ్లు ఉండకూడదు. ఇంటిలో రెండు విధముల కొలతలు ఉండకూడదు. ఇది మనకు చక్కగా తెలిసిన సంగతి. తక్కెడ చిప్ప క్రింద చింతపండు అంటించిన వర్తకుని కథలు మన పెద్దలు చెప్పగా వినలేదా? వడ్లు కాంటా పెట్టునప్పుడు తేమ అని, తాలు అని, తరుగు అని బస్తాకు కొంత కోసివేయగా కడుపు మండని రైతు ఎవడు?

యూదుల పెద్దలు ఈ ఆజ్ఞను పండుగ దినమున చదివి ఊరకుండలేదు, అంగడిలోనికి తీసికొనిపోయిరి. సుమారు 200వ సంవత్సరమున కూర్చబడిన మిష్నా అను వారి ధర్మసంగ్రహములో, చిల్లర వర్తకుడు తన కొలపాత్రలను వారమునకు రెండు మారులు తుడువవలెననియు, తూనిక రాళ్లను వారమునకొక మారు తుడువవలెననియు, త్రాసును మాత్రము తూచిన ప్రతిసారియు తుడువవలెననియు విధించిరి. ఎందుకనగా అంటుకొనిన నూనె, బెల్లపు జిగట, ధూళి వర్తకునికి తెలియకుండనే కొనువాని సొమ్మును తినివేయును. దొంగబుద్ధి లేకపోయినను, తుడువని త్రాసు దొంగిలించును! తల్ముదు అను గ్రంథములో ఇంకను ముందుకు పోయిరి. తప్పుడు కొలపాత్రను కొలచుటకు వాడకపోయినను, ఇంటిలో మరి ఏ నీచమైన పనికైనను ఉంచుకొనరాదనిరి. దగ్గరనున్న అబద్ధము ఏదో ఒక దినమున చేతికి వచ్చును గదా.

అదే తల్ముదులో ‘రావా’ అను గురువు, మనుష్యుడు దేవుని తీర్పునకు వచ్చినప్పుడు అడుగబడు ప్రశ్నలను వరుసగా చెప్పెను. ధర్మశాస్త్రము చదువుటకు వేళలు ఏర్పరచుకొంటివా, రక్షణ కొరకు ఎదురుచూచితివా అను ప్రశ్నలు అందులో ఉన్నవి. అయితే మొదటి ప్రశ్న ఇది: ఇచ్చిపుచ్చుకొనుటలో నమ్మకముగా నడచితివా? గుడికి వెళ్లితివా అను ప్రశ్నకంటె ముందు అంగడి ప్రశ్న వచ్చుట మనలను కలవరపెట్టవలెను. ప్రభువైన యేసు సయితము, పుదీనాలో దశమ భాగము చెల్లించి న్యాయమును కనికరమును విశ్వాసమును విడిచిపెట్టినవారిని గద్దించెను (మత్తయి 23:23).

మూడు సంవత్సరములు అని ముద్ర వేయబడిన ఆ సర్టిఫికెటు ఏమిటి? అదియు ఒక తూనిక రాయియే. దాని మీద మూడు అని చెక్కియున్నది. త్రాసులో పెట్టిన సున్న. దానిని చూచి ఒకడు కొనుచున్నాడు. నిజముగా మూడేండ్లు కష్టపడి, నిజమైన కాగితముతో అదే గుమ్మమున నిలిచిన మరియొక తల్లి కుమారుడు వెనుకకు తిరిగిపోవుచున్నాడు. ఎవరి సొమ్మూ దొంగిలించలేదని మనము చెప్పుదుము గాని, ఆ రెండవ తల్లి పేరు మనకు తెలియదు, అంతే.

3. అద్దాల మేడల నడుమ జరిగిన సంగతి

మాదాపూరు ఒకప్పుడు బండరాళ్ల నడుమనున్న గ్రామము. 1998 నవంబరు 22న ప్రధానమంత్రి అటల్ బిహారీ వాజ్‌పేయి అక్కడ సైబర్ టవర్స్ అను మేడను ప్రారంభించెను. దాని చుట్టును గచ్చిబౌలి, కొండాపూరు, రాయదుర్గము, నానక్‌రామ్‌గూడ వరకు అద్దాల మేడలు లేచెను. మన గ్రామములనుండి వెళ్లినవారు కొందరు ఆ మేడలలో కంప్యూటరు ముందు కూర్చుండియున్నారు. కొందరు గుమ్మములయొద్ద కావలి కాయుచున్నారు. కొందరు మెట్లు తుడుచుచున్నారు. ఆ చోటును మనము నిందించుట లేదు. ఆ జీతములతో మన గ్రామములలో ఎన్నో అప్పులు తీరినవి, ఎందరో చెల్లెండ్రు చదువుకొనిరి.

ఆ ప్రాంతములో సత్యం అను గొప్ప కంపెనీ ఉండెను. 1987లో స్థాపింపబడి, దేశదేశములలో పేరు పొందెను. 2008లో దానికి సత్పరిపాలన కొరకైన బంగారు నెమలి బహుమానము కూడ దొరికెను. కొద్ది నెలలకే, 2009 జనవరి 7న, దాని అధ్యక్షుడైన రామలింగరాజు ఒక ఉత్తరము వ్రాసి, కంపెనీ లెక్కలలో చూపిన సొమ్ములో 5,040 కోట్ల రూపాయలు లేనే లేవని ఒప్పుకొనెను. తేడా మొదట స్వల్పముగానే ఉండెననియు, ఏటేటికి పెరిగి చేయి దాటిపోయెననియు అందులో తెలిపెను. పులినెక్కినవాడు దిగలేని విధముగా తన స్థితి ఉన్నదని ఆయనే చెప్పుకొనెను.

ప్రభుత్వము క్రొత్త డైరెక్టర్లను నియమించెను. ఆ సంవత్సరమే కంపెనీ మరియొక సంస్థ చేతికి పోయెను. అందులో పనిచేయు వేలాది కుటుంబములు, అబద్ధములో ఏ పాలు లేనివారు, ఆ నెలలలో రేపు జీతము వచ్చునో రాదో అని నిద్రలేక గడపిరి. 2015 ఏప్రిల్ 9న హైదరాబాదులోని ప్రత్యేక న్యాయస్థానము పదిమందిని దోషులని తీర్చి, ఏడేండ్ల శిక్ష విధించెను. వారు అప్పీలు చేసికొనగా మరుసటి నెలలో శిక్ష నిలుపబడి బెయిలు దొరికెను. ఒకరి పతనమును చూచి సంతోషించుటకు దీనిని వ్రాయుట లేదు. సత్యమను పేరు పలకమీదనుండి లెక్కలోనికి దిగకపోయిన ఏమి జరుగునో చూచుకొనుటకు వ్రాయుచున్నాము. మనకును క్రైస్తవులమను పేరు పలకమీద ఉన్నది.

ఈ చరిత్రలో మరచిపోరాని మరియొక భాగమున్నది. మన గ్రామములలో ప్రసవ వేదన వచ్చినను, పాము కరచినను, 108 అను అంకెను నొక్కుదుము. ఆ అంబులెన్సు సేవ 2005 ఆగస్టు 15న హైదరాబాదులో ఆరంభమైనది. దానిని స్థాపించినది ఆ రామలింగరాజు కుటుంబమే. అది నిజమైన మేలు. దానివలన బ్రదికినవారు మన సంఘములలోనే ఉన్నారు. మేలును మేలనియే చెప్పవలెను. అయినను ఆ మేలు లెక్కలలోని అబద్ధమును పూడ్చలేదు.

యూదుల బోధలో ఇందుకు గట్టి మాట ఉన్నది. పండుగలో దేవుని యెదుట పట్టుకొను ఖర్జూరపు మట్టను దొంగిలించి తెచ్చినవాని ఆరాధన చెల్లదని తల్ముదు చెప్పుచున్నది. పాపము ద్వారా వచ్చిన పుణ్యక్రియ పుణ్యము కాదని వారి తీర్పు. మన కానుక పెట్టె విషయములో మనమిట్లు అడుగుకొనుచున్నామా? కూలివాని కూలిలో పది రూపాయలు తగ్గించి, ఆ పదిని ఆదివారము పళ్లెములో వేసిన, అది ఎవరి కానుక?

4. దానము అను మాటకు మూలము

హెబ్రీ భాషలో బీదలకిచ్చు దానమునకు ‘త్సెదాకా’ అని పేరు. ఇది న్యాయమను అర్థమిచ్చు ‘త్సెదెక్’ అను మాటయొక్క కుటుంబములోనిదే. మనము దానము చేసినప్పుడు దయ చూపితిమని అనుకొందుము. యూదుల పెద్దలు అట్లు చూడలేదు. బీదవానికి రావలసినదానిని అతనికి చేర్చుట న్యాయక్రియ. కాబట్టి దానము న్యాయమునకు బదులుగా నిలువదు. దానితో కలిసి నడచును.

వారి గ్రంథములో ఒక సంగతి ఉన్నది. కూలివారు కొందరు ఒక పండితుని ద్రాక్షారసపు పీపాను మోయుచు పగులగొట్టిరి. అతడు నష్టమునకు బదులుగా వారి పైబట్టలు తీసికొనెను. వారు పోయి ‘రబ్’ అను గురువుతో మొరపెట్టుకొనగా, బట్టలు ఇచ్చివేయుమని ఆయన చెప్పెను. ఇదేనా ధర్మశాస్త్రమని పండితుడు అడిగెను. అవును, మంచివారి మార్గమున నడువవలెనని వ్రాయబడలేదా అని గురువు సామెతలు 2:20ని జ్ఞాపకము చేసెను. కూలివారు మరల, అయ్యా, మేము బీదవారము, దినమంతయు పనిచేసితిమి, ఆకలిగొనియున్నాము, చేతిలో ఏమియు లేదు అనిరి. వారి కూలి కూడ ఇమ్మని గురువు తీర్పు చెప్పెను.

పాలమూరునుండి వలసపోయి తట్టలు మోసినవారి ఇంటివారు ఈ పత్రిక చదువుచున్నారు. ఆ తీర్పులోని తీపి వారికి వేరుగా చెప్పనక్కరలేదు. అయితే మన పొలములో కలుపు తీయు స్త్రీకి మనము చెప్పు తీర్పు ఎట్టిది? ప్రొద్దు క్రుంకకమునుపు కూలి ఇయ్యవలెనని మోషే చెప్పెను (ద్వితీ. 24:15). శనివారము సంతకు ఇచ్చెదమని మనము చెప్పుచున్నాము.

5. చెరువు కట్టమీద రెండు బండ్లు

న్యాయమను మాట రెండు మారులు ఎందుకు వచ్చెనను ప్రశ్నకు తల్ముదులో ఇంకొక జవాబు ఉన్నది. ఒక మాట తీర్పును గూర్చి, రెండవది రాజీని గూర్చి చెప్పబడెనట. బేత్‌హోరోను ఎక్కుడుదారిలో రెండు ఒంటెలు ఎదురుపడినయెడల, రెండును ఒకేసారి ముందుకు త్రోసికొన్న రెండును లోయలో పడును. అప్పుడు ఏమి చేయవలెను? బరువు లేనిది బరువు మోయుచున్నదానికి దారి ఇయ్యవలెను. రెండింటికిని సమానమైన బరువున్నయెడల రాజీపడి, ఆగినవానికి కలిగిన నష్టమును దాటిపోయినవాడు తీర్చవలెను.

మనకు ఒంటెలు లేవు గాని చెరువు కట్ట ఉన్నది. కట్టమీద వడ్ల బస్తాల బండి ఒక ప్రక్కనుండి, ఖాళీ బండి ఒక ప్రక్కనుండి వచ్చిన, ఏది వెనుకకు తగ్గవలెనో మన పిల్లలకును తెలియును.

ఈ భాగము చదివినప్పుడు మేము ఆ తల్లియెదుట ఎందుకు తడబడితిమో మాకు అర్థమాయెను. ఆమె బండి నిండుగా ఉన్నది. మాది ఖాళీ. ఖాళీ బండి మీద కూర్చుండి, అబద్ధపు దారి త్రొక్కవద్దు, వెనుకకు పొమ్మని నిండు బండిని అరచుట న్యాయమా? నష్టము వచ్చినను న్యాయమునే వెంటాడుమని చెప్పు సంఘము, ఆ నష్టములో పాలు పంచుకొననియెడల, దాని మాట సగము న్యాయమే. త్సెదెక్ అను మాట ఒక మారే పలికినట్లు.

12వ శతాబ్దములోనే జీవించిన మోషే మైమోనిదెసు అను గొప్ప యూదుబోధకుడు దానమునకు ఎనిమిది మెట్లు చెప్పెను. అన్నిటికంటె పై మెట్టు చేతిలో నాణెము పెట్టుట కాదు. పడిపోబోవువానికి అప్పుగానో, పొత్తుగానో, పనిగానో సహాయము చేసి, అతడు మరల ఒకరిని అడుగనక్కరలేకుండ నిలువబెట్టుట.

మరుసటి ఆదివారము మేము ఆ గ్రామమునకు మరల వెళ్లితిమి. ఆ తల్లితో చెప్పవలసినదానిని ఆమె యింట మాత్రమే గాక, ఆరాధన పిమ్మట సంఘ పెద్దల యెదుట కూడ చెప్పితిమి. “అమ్మా, ఆ కాగితము కొరకు మేము ప్రార్థించలేము. మీవాని కొరకు ప్రార్థించెదము. ఆ మాట చెప్పినందున మీ బరువులో ఒక కొన మేమును పట్టవలెను” అంటిమి. పెద్దలు చాలసేపు మాటలాడిరి. ఒకరు, ఇట్లు మొదలుపెట్టిన ప్రతి ఇంటివారును వచ్చెదరని అడ్డుపెట్టిరి. అది నిజమే, ఆ భయమునకు మాయొద్ద జవాబు లేదు. తుదకు స్త్రీల సమాజమువారు పిడికెడు బియ్యము అమ్మగా వచ్చు సొమ్ము నాలుగు నెలలపాటు ఆ హాస్టలు ఖర్చుకు అప్పుగా ఇచ్చుటకు ఒప్పుకొనిరి. హైదరాబాదులో పనిచేయుచున్న మన సంఘపు యువకులు ఇద్దరు, ఆ చిన్నవానిని వారాంతములలో కూర్చుండబెట్టుకొని పని నేర్పెదమని ఫోనులో చెప్పిరి.

ఆ చిన్నవానికి ఇంకను ఉద్యోగము దొరకలేదు. ఈ సంగతి సుఖముగా ముగిసినదని వ్రాసిన, మేమును తప్పుడు రాయితో తూచినవారమగుదుము. ఆ తల్లి పత్తి డబ్బు ఇంటనే ఉన్నది. ఆమె ఇప్పుడును ఆదివారము ముందు వరుసలోనే కూర్చుండుచున్నది. మమ్మును చూచి కొన్ని మారులు నవ్వును, కొన్ని మారులు తల వంచుకొనును.

ప్రియులారా, నీతికొరకు ఆకలిదప్పులు గలవారు ధన్యులని ప్రభువు చెప్పెను. ఆకలి ఒక దినముతో తీరునది కాదు. మరునాడు మరల పుట్టును. న్యాయము కూడ అట్టిదే. కాబట్టి ఈ నెలలో ప్రతి కుటుంబమును ఈ మూటిని విచారించుకొనవలెనని వేడుకొనుచున్నాము. మన ఇంటిలో తుడువవలసిన త్రాసు ఏది? మనము ఇయ్యవలసిన కూలి ఎవరియొద్ద ఆగియున్నది? మన సంఘములో నిండు బండితో కట్టమీద నిలిచియున్నవారెవరు, మనము వారికి ఎంత దారి ఇచ్చితిమి?

ప్రార్థన: న్యాయాధిపతివైన మా తండ్రీ, మా చేతిలోని రాయియు మా నోటిలోని మాటయు నీ యెదుట ఒకే బరువు తూగునట్లు మాకు సహాయము చేయుము. పట్టణములో తిరుగుచున్న మా బిడ్డలను అబద్ధపు దారినుండి కాపాడుము. వారిని గద్దించుటకు ముందు వారి బరువు మోయుటకు మాకు భుజములిమ్ము. మా ప్రభువైన యేసుక్రీస్తు నామమున అడుగుచున్నాము. ఆమేన్.